గడ్డపార, హారె, కడప్పారై: మా నాయన సామాన్ల లెక్క

గడ్డపార రాయికి గట్టిగా తగిలినప్పుడు ఒక వాసన వస్తుంది. దగ్గర నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. నిప్పురవ్వ ఎగిరిన మరుక్షణం రాయి కాలినట్టు, దీపావళికి పిల్లలు తుపాకీలో పేల్చే కేపుల వాసనకు దగ్గరగా ఉంటుంది. దానికి తడిసిన ఎర్రమట్టి వాసన తోడైతే ఇక నేను ఎక్కడున్నా సరే బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో, అది ఇంకా సగం పొలాలూ సగం పునాదులుగా ఉన్న కాలంలో, మా రేకుల షెడ్డు ముందు గొంతుక్కూర్చుని ఉంటాను.

మొన్న వానలు తగ్గాక మా సందులో పైపు మార్చడానికి తవ్వకం మొదలుపెట్టారు. జేసీబీ సందు మొదట్లోనే ఆగిపోయింది, లోపలికి పట్టలేదు. ఇద్దరు కుర్రాళ్లు గడ్డపారలు భుజాన వేసుకుని వచ్చారు. నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నా. ఖంగుమని ఒక దెబ్బ, వెంటనే ఆ వాసన. బట్టలు అయిపోయాక కూడా పిట్టగోడ పట్టుకుని చూస్తూనే ఉన్నాను. మా ఆయన పైకొచ్చి "ఏముంది అక్కడ అంతసేపు చూడ్డానికి?" అన్నాడు. ఆయనకు చెప్పాలంటే రాత్రి వంట మానుకోవాలి, అందుకని ఇక్కడ రాస్తున్నా.

మాది హిందూపురం పక్కన పల్లె. మేము వడ్డెవాళ్లం. బావులు తవ్వడం, చెరువు కట్టలు వేయడం, రాళ్లు కొట్టడం తాతల నాటి నుంచి మా పని. ఓఢ్ర దేశం నుంచి వచ్చాం కాబట్టి వడ్డెలు అయ్యామని మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. బెంగళూరు వచ్చాక మమ్మల్ని భోవి అన్నారు, తమిళ కూలీలు ఒట్టర్ అన్నారు, బ్రిటిష్ వాళ్ల కాగితాల్లో వుడ్డర్ అని రాశారు. థర్‌స్టన్ అనే దొర 1909లో వేసిన కులాల సంపుటాల్లో అయితే మమ్మల్ని ఈ దేశపు 'నావీ'లు అన్నారు. నావీ అంటే ఓడ మీద పనిచేసేవాడనుకునేరు, కాదు. ఇంగ్లండులో పడవలు నడిచే కాలువలను నావిగేషన్ అనేవాళ్లట, వాటిని తవ్వే కూలీని నావిగేటర్ అన్నారు, అది నోట్లో నలిగి నావీ అయింది. పని ఒకటే, పేరే ఊరూరికీ మారింది. మా చేతిలో ఉన్న ఇనుముకూ అదే గతి పట్టింది, ఆ సంగతి చెప్పాలనే ఇదంతా.

నాయన మట్టిపని మేస్త్రి. సంతకం కూడా రాదు. నేను కన్నడ మీడియం బడిలో మూడో తరగతిలోకి రాగానే అరదస్తా పుస్తకం ఒకటి కొనిచ్చి "పాపా, రోజూ సామాన్ల లెక్క నువ్వే రాయాల" అన్నాడు. పొద్దున ఎవరికి ఏ సామాను ఇచ్చామో రాయాలి, పొద్దుగూకినాక ఎదురుగా నిలబడి తిరిగి లెక్కపెట్టుకోవాలి. ఒక గడ్డపార పోయిందంటే నాయనకు ఒక రోజు కూలి పోయినట్టే, రాత్రంతా టెన్షన్.

రాయడం సులువే, ఏమని రాయాలన్నదే తంటా. సైటులో పాలమూరు వాళ్లు ఉండేవాళ్లు, సేలం ధర్మపురి వైపు తమిళులు, రాయచూరు వైపు కన్నడం వాళ్లు, మా ఊరి వాళ్లు. గడ్డపార అని పాలమూరాయన అంటే, మా జేజి గడారి అనేది. కోస్తా నుంచి వచ్చిన ఒక సూపర్‌వైజర్ గునపం అనేవాడు, ఒక్కోసారి గడ్డపలుగు అనేవాడు. రాయచూరు వాళ్లకు అది హారె. తమిళులకు కడప్పారై. అన్నీ ఒకే నాలుగున్నర అడుగుల ఇనుప కడ్డీ, ఒక కొస మొనగా, ఒక కొస ఉలిలాగా చదునుగా. నేను ఎవరు ఏమన్నారో అదే రాసేదాన్ని, కన్నడ అక్షరాల్లో. సాయంత్రం నాయన "గడ్డపారలు ఎన్ని?" అంటే పేజీలో ఆరు పేర్ల కింద వెతికి కూడాల్సి వచ్చేది. ఎక్కాల కంటే ముందు నేను నేర్చుకున్న లెక్క అది.

ఒకరోజు నాయన గోతిలోంచి "పార తేరా!" అని అరిచాడు. గట్టు మీదున్న సేలం అన్న పరుగున పోయి గడ్డపార తెచ్చిచ్చాడు. "పార అంటే ఇది కాదయ్యా" అని నాయన, "నీంగదానే మేస్త్రీ పారై కేట్టీంగ" అని ఆయన, పారై అడిగింది మీరేగా అని. పక్కనున్న రాయచూరాయన మధ్యలో దూరి హారె అంటే అదేగా అని తమిళాయన పక్షం వహించాడు. ఇద్దరొకవైపు, మా నాయన ఒక్కడొకవైపు. మట్టి ఎత్తాల్సిన పార గట్టుమీద అట్లాగే పడి ఉంది, వీళ్ల ముగ్గురికీ నవ్వు ఆగలేదు. సెగ కక్కే ఎండలో గోతిలో కూలబడి నవ్వారు.

బడిలో కన్నడ మేష్టరు హళగన్నడం చెబుతూ, పాత 'ప' కొత్త కన్నడంలో 'హ' అయిందని, పాలు హాలు అయింది, పులి హులి అయింది, పువ్వు హూవు అయింది అని బోర్డు మీద రాసినప్పుడు నా బుర్రలో ఠక్కున గడ్డపార వెలిగింది. పారె, హారె! సేలం అన్న పారై, రాయచూరాయన హారె, మా నాయన పార ఒకే తల్లి పిల్లలు. తమిళంలో, కన్నడంలో ఆ మాట పొడిచే కడ్డీ దగ్గర ఉండిపోయింది, తెలుగులో గీరి ఎత్తే రేకు దగ్గరికి పోయింది. ఎందుకలా పోయిందంటే నాకు తోచింది ఒకటే: వెనకటి రోజుల్లో ఇనుము కొసకు మాత్రమే తొడిగిన కర్రతోనే పొడిచి ఉంటారు, దాంతోనే గీరి ఉంటారు. ఇనుము చవకయ్యాక కదా పనికొక సామాను. తెలుగువాళ్లకు మళ్లీ పొడిచే పారకు పేరు కావాల్సి వచ్చి ముందు గడ్డ తగిలించారేమో, మట్టిగడ్డలు పెళ్లగించేది కాబట్టి గడ్డపార అని అప్పుడు అనుకున్నా. ఇంటికొచ్చి నాయనకు చెప్తే, "అయితే నేను అడిగింది రైటా, వాడు తెచ్చింది రైటా?" అన్నాడు. ఇద్దరిదీ రైటే అంటే నచ్చలేదు.

*

పార దగ్గరికి వస్తే అది ఇంకో గొడవ. కన్నడంలో సనికె, కొందరు సలికె అంటారు. తమిళంలో మమ్మట్టి. మమ్మట్టి అసలు మణ్‌వెట్టి, మన్నును నరికేది అని. మణ్ మన మన్నే, వెట్టు అంటే నరకడం. సేలం అన్నకు వెట్టి చివర్లో నలిగిపోయి మమ్మట్టి అయిందని తెలుసు, చెప్పేవాడు కూడా, కానీ ఆయన నోటెంట ఎప్పుడూ మమ్మట్టే. తమాషా ఏంటంటే ఇంజినీరు గారు ఇచ్చిన ఇంగ్లీషు కాగితంలో కూడా 'మమూటీ' అనే ఉండేది. దొరలకు స్పేడు తెలుసు గానీ, వాళ్ల స్పేడు నిలువుగా కాలితో తొక్కి దించేది, మనది నడుం వంచి తనవైపు లాక్కునేది, రెండూ ఒకటి కాదని వాళ్లకూ తెలిసినట్టుంది. మద్రాసు వైపు విన్న మాటే సైన్యం సామాన్ల పట్టీలోకి ఎక్కించేసుకున్నారు. యూల్, బర్నెల్ 1886లో అచ్చేసిన ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువులో ఇది ఉంది: తమిళ ప్రాంతం మాట, ఆయుధాగారాల లిస్టుల వల్ల దేశమంతా పాకింది అని. మలయాళం హీరో పేరుకూ దీనికీ చుట్టరికం లేదు, ఆయనది ముహమ్మద్ కుట్టి. బడిలో ఒక పిల్లాడితో ఈ విషయం మీద పెద్ద గొడవ పడ్డా, అప్పుడు నా దగ్గర రుజువు లేదు.

ఉత్తరాది మాట ఫావ్‌డా. టాటా అగ్రికో రేకు మీద పవ్‌రా అని ఉండేది ఇంగ్లీషులో. మంచి పారంటే ఆ ముద్ర చూసి కొనేవాళ్లు నాయన. పార కొనడం ఒక ఎత్తు, దానికి కామ పెట్టడం ఒక ఎత్తు. తుమ్మకర్ర చూసి, కన్ను లేని చోట కోయించి, రేకు కంతలో దూర్చి, చీల కొట్టి, రాత్రంతా తొట్టిలో నానేసేవాడు. కర్ర ఉబ్బి బిగుసుకుంటుంది. పొద్దున నేను పళ్లు తోముకోవడానికి పోతే నీళ్లలోంచి కామలు లేచి ఉండేవి, తొట్టినీళ్లు తుమ్మ వగరు వాసన వేసేవి. ఆ నీళ్లతో మొహం కడిగితే చర్మం బిర్రబిగిసేది.

గుద్దలి సంగతి మాత్రం మా సైటులో కంటే పేపర్లోనే ఎక్కువ. కర్ణాటకలో ఎమ్మెల్యే రోడ్డు పని మొదలుపెడితే దాన్ని గుద్దలి పూజె అంటారు. మనం భూమిపూజ, శంకుస్థాపన అనుకునేది. సంస్కృతంలో కుద్దాలం, హిందీలో కుదాల్, తెలుగు నిఘంటువుల్లోనూ గుద్దలి ఉంది, మా ఇంట్లో మాత్రం ఎవరూ అనగా వినలేదు. ఒకసారి మా సైటు పక్కనే అట్లాంటి పూజ జరిగింది. పెద్దమనిషి కోసం గుద్దలికి రంగు కాగితం చుట్టి పూలదండ వేశారు. ఆయన ఒక్క దెబ్బ వేశాడు, రేకు లోతుకు కూడా దిగలేదు, చప్పట్లు కొట్టారు. అమ్మ నా చెవిలో "ఆ యప్పకు ఇయ్యాల కూలి లేదు" అంది.

*

వాన పడితే గోతిలో నీళ్లు నిండేవి, పని లేదు. షెడ్డులో పేకాట. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను. ఇస్పేటు అంటే ఇంగ్లీషు స్పేడు, అంటే పార అని సూపర్‌వైజర్ చెప్పాడు, ఇస్కూలు ఇస్టేషను లాగే ముందు 'ఇ' తగిలించుకున్నాం. నాకు నమ్మకం కుదరలేదు. ఆ నల్లగుర్తు తిరగేసిన రావి ఆకులాగుంది, పారలాగ ఎక్కడుంది? ఇది నాకు చాలా ఏళ్లు పీకింది. తర్వాత తెలిసింది నా అనుమానం నిజమేనని. ఇటలీ పేకల్లో ఆ రంగు పేరు స్పాదె, అంటే కత్తులు. ఇంగ్లీషువాళ్లకు అది తమ స్పేడులాగే వినపడింది, కత్తి కాస్తా పార అయిపోయింది. డచ్చివాళ్లు దాన్ని స్ఖోపెన్ అంటారు, అది కూడా పారలే. కళావరు డచ్చి క్లావర్ నుంచే వచ్చిందంటారు, నమ్మొచ్చు, మచిలీపట్నంలో పులికాట్‌లో వాళ్లు కొట్లు పెట్టుకుని చాన్నాళ్లు ఉన్నారు కదా.

మేస్త్రి మాట కూడా ఇట్లా ఓడెక్కి వచ్చిందే, పోర్చుగీసు మెస్త్రె. నాయనకు ఇది చెప్పినప్పుడు కాస్త ఛాతీ విరిచాడు.

అన్నిటికంటే నాకు ముద్దొచ్చే మాట పికాసు. రెండు మొనలు ఉండే ఇనుము, మధ్య కన్నంలో కర్ర. కన్నడంలో పికాసి, తమిళంలో పిక్కాసు, మేము పికాసు. ఇంగ్లీషు పికాక్స్‌ను మనవాళ్లు పాడుచేశారని మా కాలేజీలో ఒక లెక్చరర్ ఎగతాళి చేశారు. ఆ సామానుకు పాత ఫ్రెంచిలో పేరు పికోయ్స్. అది ఇంగ్లీషులోకి పికాస్ లాంటి రూపాల్లో వచ్చింది. చివర ఉన్నది యాక్స్, అంటే గొడ్డలి అని తర్వాతి ఇంగ్లీషువాళ్లు అపోహపడి పికాక్స్ అని మార్చుకున్నారు. అందులో గొడ్డలి లేదు, ఎప్పుడూ లేదు. పాడుచేసింది వాళ్లు. మనవాళ్లు పలకలేక పలికి, తెలియకుండానే దాన్ని మళ్లీ పాత రూపానికి దగ్గరగా తెచ్చారు. లెక్చరర్‌కు ఈ మాట చెప్పే అవకాశం రాలేదు.

*

మడివాళలో సంత వెనక ఒక కొలిమి ఉండేది. మొనలు అరిగిన గడ్డపారలన్నీ ఆదివారం నాయన సైకిల్‌కు కట్టుకుని పోతే నేను వెనక కూర్చుని అవి జారకుండా పట్టుకునేదాన్ని. కమ్మరాయన కదిరి వైపు మనిషి, నాయనను "బావా" అనేవాడు, చుట్టరికం ఏమీ లేదు. తిత్తి పోయి అప్పటికే చేత్తో తిప్పే గాలిచక్రం వచ్చింది. ఆ చక్రం తిప్పే పని నాది. ఇనుము ఎర్రబడితే దాగలి మీద పెట్టి సమ్మెటతో మొన సాగదీసేవాడు. అసలు పనితనం దాని తర్వాత. మొన ఒక్క అంగుళం మాత్రం నీళ్లలో ముంచి తీసి, రాయి మీద ఒక్కసారి గీకి, కళ్లు చికిలించి చూస్తూ ఉండేవాడు. వెనకనున్న వేడి మెల్లగా మొనకు పాకుతూ ఇనుము మీద గడ్డిరంగు, ఆ వెనక ఊదా, ఆ వెనక నీలం పరిగెత్తుతాయి. ఏ రంగు మొనకు చేరినప్పుడు పూర్తిగా ముంచాలో అదే పదును. ముందుగా ముంచితే గట్టిగా ఉండి రాయి తగలగానే పెళుక్కున విరుగుతుంది. ఆలస్యమైతే మెత్తబడి మూతి వంకర పోతుంది. బెంగళూరు మట్టికి ఒక పదును, రాతికి ఒక పదును అని ఆయన అడిగి మరీ పెట్టేవాడు. "ఏడ తవ్వుతాండావు బావా ఈ వారం?"

ఇక్కడ పైన ఎర్రమట్టి వెన్నలాగా దిగుతుంది అనుకుంటే పొరపాటు. కొంచెం కిందికి పోతే మొరం, దాని కింద కుళ్లిన రాయి, దాని కింద నిజమైన రాయి. లాల్‌బాగ్‌లో గుట్టగా పైకి కనబడేది ఆ రాయే, దాదాపు 300 కోట్ల ఏళ్ల వయసని అక్కడ భూగర్భ శాఖ వాళ్ల పలక ఉంది. నాకు చదవడం వచ్చిన కొత్తలో అది నాయనకు చదివి వినిపించా. ఆయన చెప్పు విప్పి పాదంతో రాయిని రుద్ది, "దీన్ని తవ్వమని ఎవురూ కాంట్రాక్టు ఇయ్యకుంటే చాలు" అన్నాడు.

కూలి లెక్క కొలతలో. నూరు ఘనపుటడుగుల మట్టి ఒక యూనిట్. ఎంత లోతు తవ్వామో తెలియడానికి గోతి మధ్యలో అక్కడక్కడ తవ్వకుండా మట్టి దిమ్మలు వదిలేవాళ్లు. కొలత అయ్యేదాకా ఆ దిమ్మలను ప్రాణంలా కాపాడాలి. వాటి తలమీద గడ్డి కూడా అట్లాగే ఉండాలి, ఎందుకంటే ఎత్తు పెంచడానికి మట్టి వేశారని కొలిచేవాడు అనుమానపడతాడు. నేనూ తమ్ముడూ వాటి మీదికి ఎక్కి ఆడితే ఎంత కొట్టేదో అమ్మ. శనివారం బటవాడె, అంటే కూలి డబ్బులు పంచే రోజు. ఆ రాత్రి షెడ్ల ముందు మూడు భాషల్లో కోడికూర వాసన.

ఆయుధపూజ రోజు అందరి సామాన్లూ కడిగి వరసగా గోడకు ఆనించేవాళ్లు. పసుపు, కుంకుమ, తమిళులు విభూది పట్టీలు. బూడిద గుమ్మడికాయ పగలగొట్టి బొరుగులు పంచేవాళ్లు. ఆ రోజు సామాను ఎవరూ తొక్కకూడదు, దాటకూడదు. మామూలు రోజుల్లో కూడా నాయన గడ్డపారను దాటనిచ్చేవాడు కాదు.

*

అమ్మ చేతిలో గడ్డపార ఎప్పుడూ లేదు. అమ్మది మట్టి మోసే బాండ్లి. మగవాళ్లు తవ్వుతారు, పారతో బాండ్లిలోకి ఎత్తుతారు, ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని గట్టెక్కి పోసి వస్తారు. తవ్విన చోట తవ్వేవాడు నిలబడే ఉంటాడు, నడిచేది ఎత్తేవాళ్లే. కూలి మాత్రం తక్కువ. పేర్ల గురించి ఇంత రాసి, బాండ్లి గురించి ఎవరూ ఏమీ రాయలేదేమని ఎప్పుడూ అనిపించేది. దానికి ఒక జవాబు అనుకోని చోట దొరికింది.

నేను ఇంగ్లీషు టీచర్నయ్యాను. స్పేడును స్పేడనే అనాలి అని వాళ్లకొక సామెత ఉంది, ఉన్నదున్నట్టు మొహం మీద చెప్పడం అని అర్థం. పిల్లలకు చెప్పేముందు ఎక్కడిదా అని వెతికా. మూలం గ్రీకుది, అందులో పార లేదు! అంజూరాన్ని అంజూరమనీ, స్కాఫేను స్కాఫే అనీ పిలవడం. స్కాఫే అంటే తొట్టి, బేసిను లాంటి గుంట పాత్ర. మాసిడోనియా రాజు ఫిలిప్, మా వాళ్లు మోటు మనుషులు, స్కాఫేను స్కాఫే అంటారు అన్నాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. దాన్ని లాటిన్లోకి తెచ్చేటప్పుడు ఎరాస్మస్ అనే మహాపండితుడు ఆ మాటను తవ్వే సామానుగా తీసుకున్నాడు. ఆయన్ను చూసి నికొలస్ యూడల్ 1542లో ఇంగ్లీషులో స్పేడు అన్నాడు. అంతే, లోకమంతా పారే అయిపోయింది. అంటే ఆ సామెత న్యాయంగా బాండ్లిది. మా అమ్మది. పోయింది పారకు పోయింది, అదీ ఒక చదువుకున్నాయన చేతిలో.

అమ్మకు చెప్పా. అప్పటికి ఆమెకు మోకాళ్లు పోయాయి, మంచం మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటోంది. అంతా విని, "దానికేమొచ్చె, కూలే ఇయ్యలేదు, సామెత ఇస్తారా" అంది.

*

జేసీబీ వచ్చిన రోజు మాత్రం గుర్తుంది. పసుపురంగు. పిల్లలమంతా దాని వెనక పరిగెత్తాం. మావాళ్లు వారం తవ్వేది పొద్దున టిఫినుకూ మధ్యాహ్నం అన్నానికీ మధ్యలో తవ్వేసింది. సేలం అన్న బీడీ వెలిగించుకుని ఏమీ మాట్లాడకుండా చూశాడు. "జేసీబీ అంటే ఏంది పాపా?" అన్నాడు నాయన. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే మనిషి పేరులోని మొదటి అక్షరాలని, ఇంగ్లండులో 1945లో కంపెనీ పెట్టాడని, మన దేశంలో 1979లో మొదలైందని నాకు చాలాకాలానికి గానీ తెలియలేదు. మూడు వేల ఏళ్లు ఎవరి పేరూ లేకుండా నడిచిన సామానుకు చివరికి ఒక దొర పేరు వచ్చింది. ఇప్పుడు ఏ కంపెనీ బండైనా జేసీబీనే, గొలుసు చక్రాల మీద నడిచే పెద్దదైతే ప్రొక్లెయిన్, అదీ పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరే. 2019లో జేసీబీ తవ్వకం చూడ్డం మీద జోకులు ఫోన్లన్నీ తిరిగాయి, నేను నవ్వలేకపోయాననను, నవ్వా. నిజంగానే మనవాళ్లు నిలబడి చూస్తారు.

తర్వాత మావాళ్లకు మిగిలింది మూలల పని. యంత్రం మూలలు సరిగ్గా తీయలేదు, గోడ పక్కకు పోలేదు. గోడలకు నిలువు, మూలకు మట్టం మనుషులే తీయాలి. కొన్నేళ్లు అట్లా గడిచింది. ఒక్కొక్కరే పోయారు, పాలమూరాయన ఊరికి, రాయచూరాయన ఏదో అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా. సేలం అన్న ఎటుపోయాడో తెలియదు.

నాయన పని మానేశాక కూడా తన గడ్డపారను మంచం కింద పెట్టుకున్నాడు. నెలకోసారి ఆముదం రాసేవాడు. జాతక కథల్లో కుద్దాల పండితుడు అని ఒకాయన ఉన్నాడు, కాశీలో తోటమాలి. ఉన్నదంతా ఒక మొండి పార. అన్నీ వదిలి సన్యాసం తీసుకుంటాడు, పార గుర్తొచ్చి తిరిగొస్తాడు, ఆరుసార్లు ఇదే తంతు. ఏడోసారి కళ్లు మూసుకుని, ఎక్కడ పడిందో కూడా తెలియకుండా నదిలోకి విసిరి 'గెలిచా, గెలిచా' అని కేక వేస్తాడు. నాయనకు ఈ కథ చెప్పి ఏడిపించాలని చూశా. శ్రద్ధగా విన్నాడు. "మొండిదైతే పదును పెట్టిచ్చుకోవాల గానీ, ఏట్లో ఏస్తారా ఎవురన్నా?" అన్నాడు.

నాయన పోయాక అది మా ఇంటికి వచ్చింది. స్టోర్ రూములో ఫ్యాను డబ్బాల వెనక.

*

ఇక్కడ 2009 నుంచి వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. ఆ తర్వాత ఇంకుడు బావులు తవ్వించే ఊపు వచ్చింది, మూడు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు, సిమెంటు వరలు. బయోమ్ అనే సంస్థ వాళ్లు బెంగళూరుకు పది లక్షల బావులు అని ఉద్యమంలాగా పెట్టుకుని మా మన్ను వడ్డర్లనే పనికి పిలిచారు. కబ్బన్ పార్కులో కూడా వాళ్ల చేతి బావులున్నాయి. అంత ఇరుకు గుంటలోకి ఏ జేసీబీ దిగుతుంది?

మా ఇంటి పక్క ఖాళీలో తవ్వడానికి సర్జాపుర వైపు నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. వాళ్ల తెలుగు విని నాకు నోట మాట రాలేదు, అచ్చం మా జేజి తెలుగు. పుట్టింది పెరిగింది ఇక్కడే, తెలుగు అక్షరం ఒక్కటి రాదు, గడారి అన్నాడు కుర్రాడు. ఎన్నేళ్లయిందో ఆ మాట విని.

"మీ దగ్గర పాత ఇనుము ఉంటే చెప్పక్కా, ఇప్పుడొచ్చేటివి వంగిపోతాండాయి" అన్నాడు. స్టోర్ రూములోంచి తీసిచ్చా. తండ్రి అందుకుని గోడకేసి తట్టి చప్పుడు విన్నాడు. కొడుకు చేత్తో పొడవు కొలిచి, "పనికొస్తాది గానీ కోసుకోవాల. మూడడుగుల బావిలో ఇంత పొడుగుది ఎత్తితే మోచేయి బావి గోడకు తగుల్తాది" అన్నాడు.

నేను కాసేపు మాట్లాడలేదు. తండ్రికి అర్థమైనట్టుంది, "మీ నాయనదా?" అన్నాడు. అవునన్నా.

"అయితే ఆ మిగిల్న ముక్క మీకే ఇస్తాం. ఉలి చేసిస్తాడు కమ్మరాయన."

"నాకెందుకు ఉలి, మీరే ఉంచుకోండి, రెంటికీ పదును పెట్టించుకోండి" అన్నా. కుర్రాడు వెంటనే అందుకున్నాడు, కోత కూలి, కొలిమి కూలి బావి లెక్కలో రాసుకోమంటారా అక్కా, లేదా చేతికి ఇస్తారా అని. చేతికే ఇచ్చా. ఎక్కువ చెప్పాడు, బేరం ఆడి యాభై తగ్గించా.